ఒకటో తారీఖున గడప దాకా వెళ్లే ఉద్యోగికి ఇంకో పని చెప్పండి: వయోవృద్ధుల సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వయోవృద్ధుల సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను ఆర్డీవో ఆఫీసులో డిప్యూటీ తహసీల్దారుగా చేసి రిటైరయ్యాను. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 కింద వచ్చే అర్జీలు నా సీటు మీదుగానే వెళ్లేవి. అర్జీ పెట్టగలిగినవాళ్ల సంగతి ఎలాగోలా నడుస్తుంది. ఆ ఆఫీసు మెట్ల దాకా రాలేనివాళ్ల కోసం మీకు ఈ లేఖ రాస్తున్నాను.

ప్రతి నెలా ఒకటో తారీఖున గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగి ఒకరు ఇంటికి వెళ్లి, ముసలాయన వేలిముద్రో ముఖమో ఫోన్లో సరిచూసుకుని పింఛను చేతిలో పెట్టి వస్తున్నారు. 2024 జులై నుంచి అది 4,000 రూపాయలు. ఇంతమంది వృద్ధులను వాళ్ల ఇంట్లోనే, నెలనెలా, తప్పకుండా చూసే అవకాశం పోలీసుకి లేదు, డాక్టరుకి లేదు, న్యాయమూర్తికి అసలే లేదు. ఆ ఉద్యోగికి మాత్రం ఉంది. కానీ ఆయనకు మనం అప్పగించింది డబ్బిచ్చి రావడం ఒక్కటే. ఇంట్లో పెద్దవాళ్లు ఎలా ఉన్నారో గమనించడం కూడా నేర్పించి, ఆ పనీ అప్పగించమని నా విన్నపం.

60 ఏళ్లు దాటినవారిలో ప్రతి ఆరుగురికీ ఒకరు ఏడాదిలో ఏదో ఒక రకమైన వేధింపుకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన ఊళ్లల్లో అంతమంది ఎక్కడున్నారని మీకు అనిపించవచ్చు. మనం దెబ్బల కోసం వెతుకుతాం కాబట్టి కనిపించరు. పింఛను ముసలామె చేతిలో పడీ పడకముందే మనవడు చెయ్యి చాపుతాడు. "ఎలా ఉన్నావమ్మా" అని అడిగితే జవాబు చెప్పేముందు ఆమె కొడుకు ముఖం వైపు చూస్తుంది. ఈలోగా పక్కనుంచి "బాగానే ఉందండీ, చెవులు వినపడవు దానికి" అని ఎవరో అనేస్తారు. కళ్లజోడు విరిగి నెలలైనా కొత్తది రాదు. బీపీ మాత్రల అట్ట ఖాళీ అయినా ఎవరూ తేరు. మంచం హాల్లోంచి వసారాలోకి, వసారాలోంచి పశువుల కొట్టం పక్కకి మారుతుంది. ఏటీఎం కార్డు, ఆధార్, ఫోను ఇంకొకరి బీరువాలో ఉంటాయి.

ఒంటి మీద గుర్తులూ ఉంటాయి. జారిపడిందని చెబుతారు. జారిపడితే సాధారణంగా మోకాలికో మోచేతికో తుంటికో తగులుతుంది. రెండు జబ్బలూ లోపలివైపు కమిలాయంటే ఎవరో పట్టుకుని కుదిపారేమోనని అనుమానించాలి. పడక పుండ్లు పడ్డాయంటే మనిషిని పక్కకి తిప్పేవాళ్లు లేరేమోనని చూడాలి. అలాగని ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పేయకూడదు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లకి కాస్త తగిలినా కములుతుంది. అందుకే శిక్షణ కావాలంటున్నాను, ఉత్సాహం ఒక్కటీ చాలదు.

ఇక వంతుల సంగతి. ఇద్దరు కొడుకులుంటే అమ్మ ఒకరి దగ్గర, నాన్న ఇంకొకరి దగ్గర. లేదంటే నెలకో ఇల్లు. నెల మారగానే బట్టల మూట పట్టుకుని బయల్దేరాలి. 31 రోజుల నెలలో ఆ చివరి రోజు అన్నం ఎవరు పెట్టాలన్నదానికీ తగవు. ఏళ్ల తరబడి కలిసి కాపురం చేసినవాళ్లు ముసలితనంలో పండక్కో పెళ్లికో ఒకరినొకరు చూసుకుంటారు. దీన్ని ఎవరూ వేధింపు అనరు, పెద్దమనుషులే కూర్చుని చేసిన పంపకం కదా. వాళ్లిద్దరినీ అడగకుండా చేసిన పంపకమైతే నా దృష్టిలో అది వేధింపే.

కొడుకులూ కోడళ్లూ రాక్షసులని రాయడం నా ఉద్దేశం కాదు. మంచాన పడ్డ అత్తగారికి ఏళ్లకేళ్లు చాకిరీ చేసి, నిద్రలేక, చేతిలో డబ్బులేక, ఒకనాడు చెయ్యి విసిరిన కోడలు కూడా సాయం అందాల్సిన మనిషే. (ఫోన్లో సలహాలిచ్చే బంధువులకు మాత్రం ఏ ఊళ్లోనూ కొదవ లేదు.) అలాంటి ఇంటికి కేసు కంటే వారానికి రెండు పూటలు ఎవరైనా వచ్చి తోడుండటం ఎక్కువ పనిచేస్తుంది. ఆస్తి రాయించుకుని గెంటేసినవాడి లెక్క వేరు. ఈ రెండిళ్లకీ ఒకే మందు వేయకూడదు.

మీరు కొత్త చట్టం చేయనక్కర్లేదు. 2007 చట్టం 5వ సెక్షన్ ప్రకారం వృద్ధులు స్వయంగా అర్జీ పెట్టలేకపోతే వాళ్లు అనుమతిచ్చిన ఇంకొకరు వాళ్ల తరఫున పెట్టవచ్చు. ఎవరూ పెట్టకపోయినా, ఆర్డీవో అధ్యక్షతన ఈ అర్జీలు విచారించే ట్రిబ్యునల్ తనంతట తాను విచారణ చేపట్టవచ్చు. అంటే సచివాలయం నుంచి వచ్చే ఒక చిన్న నివేదిక ఆర్డీవో గారికి సరిపోతుంది. "మావాణ్ణి జైల్లో పెట్టొద్దు బాబూ, కాస్త భయం చెప్పండి చాలు" అని ముసలివాళ్లు అంటూ ఉంటారు. దానికీ చట్టంలో దారి ఉంది. ముందు రాజీ అధికారి దగ్గరికి పంపి మాట్లాడించవచ్చు. రాజీ కుదరకపోతే నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. ఈ గడువు ఎన్ని ఫైళ్లలో నిలబడుతోందో ప్రతి డివిజన్ నుంచి తెప్పించుకుని చూడండి. ఎన్నికలు, వరదలు, భూసర్వేలు అన్నీ ఆర్డీవో నెత్తిమీదే ఉంటాయి. ముసలివాళ్ల ఫైలు ఎప్పుడూ అడుగునే పడుతుంది.

ఒక ప్రమాదం గురించి హెచ్చరించాలి. సచివాలయ ఉద్యోగికి ఊళ్లో అందరూ తెలుసు. "మీ అమ్మ ఇలా చెప్పిందేంటి" అని ఆయన కొడుకుని అక్కడే నిలదీస్తే, ఆ రాత్రి దెబ్బలు తినేది ఆమే. పైగా ఒకటో తారీఖున సర్వర్ టెన్షన్, పంపిణీ పూర్తిచేయాలనే ఒత్తిడి. ఆ రోజు ఆయన ఏమీ అడగక్కర్లేదు. చూసింది గుట్టుగా నమోదు చేస్తే చాలు. తర్వాతి వారం ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) బీపీ చూసే వంకతో వెళ్లి, ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి. అవసరమైతే మహిళా పోలీసు. వీళ్లంతా ఇప్పటికే ఆ సచివాలయంలో ఉన్నవాళ్లే, కొత్త పోస్టులు అడగడం లేదు. మనిషికి మతి స్థిమితంగా ఉంటే ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె ఇష్టానికే వదలాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఆగకూడదు.

ఆస్తి సంగతి మీ శాఖది కాదు, రిజిస్ట్రేషన్ శాఖది. అయినా మీరే ఆ శాఖకు చెప్పాలి. దాన సెటిల్‌మెంటు దస్తావేజుల్లో "ప్రేమాభిమానాలతో" అని రాస్తారు, "నన్ను పోషించే షరతు మీద" అని రాయరు. 2007 చట్టం 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజు రద్దు కావాలంటే షరతు ఉందని రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో అంది. 2025 జనవరిలో అదే కోర్టు ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలని చెప్పి, ఒక తల్లి ఇచ్చిన గిఫ్టు డీడును రద్దు చేసింది. ఆమె కోర్టుల చుట్టూ తిరగగలిగింది కాబట్టి సరిపోయింది. 60 దాటినవాళ్లు రాసిచ్చే ప్రతి దస్తావేజుకీ ముందు సబ్ రిజిస్ట్రార్ వాళ్లను విడిగా కూర్చోబెట్టి, షరతు రాయించుకుంటారా అని అడిగే ఏర్పాటు చేయండి. పావుగంట పని.

పిల్లలు ఇవ్వాల్సిన పోషణ భత్యం నెలకు 10,000 రూపాయలు మించకూడదన్న పరిమితి 2007 నాటిది. దాన్ని ఎత్తేయడానికి 2019లో తెచ్చిన సవరణ బిల్లు పాస్ కాకుండానే లోక్‌సభ గడువుతో పాటు పోయింది. కేంద్రానికి మళ్లీ రాయండి. జిల్లాకో వృద్ధాశ్రమం, కనీసం 150 మందికి చోటు అని చట్టం చెప్పింది. 2022లో జిల్లాలు పెరిగాయి, ఆశ్రమాలూ ఆ లెక్కన పెరగాలి. ఇంట్లోంచి ముసలామెను బయటికి తీసుకొచ్చాక ఆ రాత్రి ఎక్కడ ఉంచాలో తెలియకపోతే పైన రాసినదంతా వృథా.

వృద్ధుల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది. న్యాయసేవాధికార సంస్థ వాళ్లు 15100లో ఉచితంగా సలహా ఇస్తారు, లాయరును పెడతారు. ఈ రెండు నంబర్లూ ఎంతమంది పింఛనుదారులకు తెలుసు? పింఛను కార్డు మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేయించండి. ఏటా జూన్ 15న వృద్ధుల వేధింపుల అవగాహన దినం పేరుతో జరిపే ర్యాలీల ఖర్చు ఒక ఏడాది శిక్షణకు మళ్లించండి. రాష్ట్రమంతా ఒకేసారి కుదరకపోతే ఒక డివిజన్‌లో ఆరు నెలలు నడిపి చూడండి. పాఠాలు తయారుచేయడానికి నాలాంటి రిటైరైన వాళ్లం దొరుకుతాం, జీతం అడగం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డిప్యూటీ తహసీల్దారు