అన్నా, ఆ ప్లాట్లకి అడ్వాన్స్ ఇవ్వొద్దు

షార్జా,
ఆదివారం రాత్రి

అన్నా,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పినదానికంతా సరే సరే అన్నాను గానీ, రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో నువ్వొకటి అంటావు, నేనొకటి అంటాను, మధ్యలో పిల్లలు ఫోన్ లాక్కుంటారు, అసలు మాట పక్కకి పోతుంది. అందుకే రాస్తున్నాను. నిదానంగా చదువు, వదినకి కూడా చదివి వినిపించు. లెక్కల్లో ఆమె మన ఇద్దరికంటే గట్టిది.

నువ్వు అడిగిన మాట న్యాయమే. నాయన చేతి కింద తాపీ పట్టి బేల్దారి పని నేర్చుకున్నావు, తర్వాత మేస్త్రీ అయ్యావు, ఈ రోజు ఎం.ఆర్.పల్లి నుంచి తిరుచానూరు దాకా నువ్వు కట్టిన ఇళ్ళు చెయ్యి చూపించి చెప్పొచ్చు. ఇన్ని ఇళ్ళు కట్టినా నెల నెలా మనకంటూ అద్దె తెచ్చే గోడ ఒక్కటీ లేదు, పని ఉంటే రాబడి, నడుము పట్టేస్తే ఏమీ లేదు అన్నావు చూడు, ఆ మాట నా గుండెకి తగిలింది. నువ్వు రియల్ ఎస్టేట్‌లో డబ్బు పెట్టాలనుకోవడం తప్పు కాదు, నేను ఉన్నాను, నా 15 లక్షలు ఉన్నాయి. కానీ ఏర్పేడు రోడ్డులో ఆ మూడు ప్లాట్లకి మాత్రం వద్దన్నా. ఎందుకో చెప్తాను.

ప్లాటు మన తిరుపతి కొలతలో 33 అంకణాలు, అంకణం 40 వేలు, మూడూ కలిపి దగ్గర దగ్గర 40 లక్షలు అన్నావు. నీ సొంతం 13 లక్షలు, బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి 15 లక్షలు, మిగతా 12 లక్షలు "సైటు డబ్బులో సర్దుతా" అన్నావు. ఆ 12 లక్షలు నీవి కావన్నా. కొర్లగుంట ఆయన స్లాబుకి ఇచ్చిన అడ్వాన్సు, పేరూరు టీచరమ్మ కమ్మీలకి, సిమెంటుకి ఇచ్చిన డబ్బు. నీ దగ్గర తిరుగుతుంది కాబట్టి నీదే అనిపిస్తుంది. ప్లాటులో పెడితే అది తిరగడం ఆగిపోతుంది. ఒక్క శనివారం కూలి ఇవ్వలేకపోయావంటే సోమవారానికి నీ బేల్దారులు వేరే సైటులో ఉంటారు, ఇంకో వారానికి ఊరంతా మాట పాకిపోతుంది. నీకున్న అసలు ఆస్తి ఆ పేరే. ఇన్నేళ్ళు కష్టపడి సంపాదించిన పేరుని ప్లాటుకి తాకట్టు పెట్టొద్దు.

ఇంక వడ్డీ సంగతి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 15 లక్షలకి నెలకి 30 వేలు, ఏడాదికి 3 లక్షల 60 వేలు. ఖాళీ ప్లాటు రూపాయి అద్దె తేదు. అంటే ఆ వడ్డీ డబ్బు రావడానికే 40 లక్షల ప్లాట్లు ప్రతి ఏడాదీ 9 శాతం పెరగాలి. అదీ నువ్వు అమ్ముదామన్న రోజున కొనేవాడు దొరికితే. ఐఐటీ, ఐసర్ అనే పెద్ద చదువుల సంస్థలు 2015లో వచ్చాయి, ఏర్పేడు వైపు ధర పెరగకుండా ఉండదు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ పెరిగేదాకా ఆగగలిగేది చేతి డబ్బు పెట్టినవాడే. వడ్డీ డబ్బు పెట్టినవాడు సరిగ్గా ధర పడిన రోజునే అమ్ముకోవాల్సి వస్తుంది.

ఇది నేను కళ్ళారా చూశాను. నేను ఇక్కడికి వచ్చింది 2006లో, అప్పుడు దుబాయ్‌లో ఎటు చూసినా క్రేన్లే. మాకు పని ఇచ్చిన ఒక చిన్న కాంట్రాక్టర్ ఉండేవాడు, కేరళ మనిషి, పనిలో వంక పెట్టడానికి లేదు. బిల్డర్లు బిల్లుకి బదులు ఫ్లాట్లు ఇస్తామంటే సంతోషంగా తీసుకున్నాడు, వాటి మీద అప్పు తెచ్చి ఇంకా కొన్నాడు. 2008 చివర్లో ధరలు పడ్డాయి, 2009కి సగం కట్టిన బిల్డింగులు అట్లాగే నిలబడిపోయాయి. ఆయన ఫ్లాట్లు కాగితం మీద ఉన్నాయి, కొనేవాడు లేడు, మా జీతాలు నాలుగు నెలలు ఆగాయి. ఆ నాలుగు నెలలు నేను సోనాపూర్ కూలీల క్యాంపులో ఎట్లా గడిపానో నీకు తెలుసు, నువ్వే కదా ఇంటి నుంచి తిరిగి నాకు డబ్బు పంపావు. ఆ మనిషి దెబ్బ తిన్నది పని చేతకాక కాదు. కట్టడం వేరు, కట్టినదాంట్లో డబ్బు ఇరికించడం వేరు. కాంట్రాక్టర్‌కి పని అయ్యాక బిల్లు వస్తుంది, డబ్బు పెట్టినవాడికి ఎవరూ బిల్లు ఇవ్వరు.

సరే, మరి ఏం చేద్దాం? నువ్వు మాటల మధ్యలో అన్నావు, బైరాగిపట్టెడలో 25 అంకణాల పాత ఇల్లు, కింద రెండు పోర్షన్లు, పైన రెండు, మిద్దె కారుతోందని ఎవరూ కొనడం లేదు, 52 లక్షలకి ఇస్తామంటున్నారని. చెప్పి వదిలేశావు. నాకు రాత్రంతా తిరిగింది ఆ ఇల్లే.

అన్నా, ఆ కారుతున్న మిద్దె చూసి అందరూ భయపడుతున్నారు. నువ్వు చూస్తే అది కమ్మీ తుప్పు పట్టి పెచ్చులు ఊడిన స్లాబా, లేక పైన సున్నం పోయి, నీళ్ళు పోయే వాటం చెడిన మిద్దెనా అని పది నిమిషాల్లో చెప్పేస్తావు. బాగుచేయడానికి ఎంత అవుతుందో వేరేవాళ్ళు అడిగి తెలుసుకోవాలి, నీకు చెయ్యి పెడితే తెలుస్తుంది. ఖాళీ ప్లాటు దగ్గర నీ ఇరవై ఏళ్ళ అనుభవం దేనికీ పనికి రాదు, అక్కడ నువ్వూ ఒకటే, సాఫ్ట్‌వేర్ పిల్లోడూ ఒకటే. పాత ఇంటి దగ్గర మాత్రం నీకంటే తెలిసినవాడు ఉండడు.

లెక్క వేశాను, వదినతో కూర్చుని సరిచూడు. ఇల్లు 52 లక్షలు, స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం అంటే 3 లక్షల 90 వేలు, రిపేర్లకి 7 లక్షలు. మొత్తం 62 లక్షల 90 వేలు. నీ 13, నా 15, మిగతా 35 లక్షలు బ్యాంకు లోను. ఎనిమిదిన్నర శాతం మీద 20 ఏళ్ళకి ఈఎంఐ 30,400 దాకా వస్తుంది. నాలుగు పోర్షన్లు ఒక్కోటి 8,500కి పోతే నెలకి 34 వేలు. ఏడాదిలో ఒక నెల ఖాళీ అనుకుని, ఇంటి పన్నుకీ చిన్న రిపేర్లకీ 34 వేలు తీసేసినా 3 లక్షల 40 వేలు చేతికొస్తుంది. ఈఎంఐకి ఏడాదికి ఇంకో 25 వేలు మనం కలపాలి, అంతే. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడన్నా: బయట 15 లక్షలకి నెలకి 30 వేలు వడ్డీ, అసలు ఎక్కడిదక్కడే ఉంటుంది. బ్యాంకులో 35 లక్షలకి నెలకి అంతే కడితే అసలు కూడా తీరిపోతుంది.

బ్యాంకు నీకు ఇస్తుందా అంటే, అక్కడే ఇబ్బంది. ఇన్నాళ్ళూ పన్ను మిగులుతుందని రిటర్నుల్లో తక్కువ చూపించావు. బ్యాంకువాడు నీ సైట్లు చూడడు, ఆ కాగితాలు చూస్తాడు. ఆడిటర్‌ని కలిసి ఈ ఏడాది నుంచి ఉన్నది ఉన్నట్టు చూపించు. అవసరమైతే ఇద్దరి పేర్ల మీద కొందాం, నా జీతం కూడా లెక్కలోకి వస్తుంది.

రిపేరు విషయంలో ఒక మాట, కోపం తెచ్చుకోకు. "నా పనే కదా, ఖర్చేముంది" అంటావని తెలుసు. నీ కూలి, నీ మనుషుల కూలి, నీ లాభం, అన్నీ వేరే ఇంటి ఓనరుకి రాసినట్టే పుస్తకంలో రాయి. లేకపోతే ఇల్లు లాభం ఇచ్చిందో, నీ ఒళ్ళే ఆ లాభం ఇచ్చిందో ఎప్పటికీ తెలియదు. ఇంకొకటి, మన ఇల్లు అనగానే గ్రానైటు, టేకు తలుపులు అని చెయ్యి ఊరుకోదు. 8,500 ఇచ్చేవాడు గ్రానైటుకి 500 ఎక్కువ ఇవ్వడు. మిద్దె కారకూడదు, సంపు నిండాలి, బోరు పనిచేయాలి, కరెంటు మీటర్లు నాలుగూ వేరువేరుగా ఉండాలి. నీళ్ళున్న ఇల్లు తిరుపతిలో ఎక్కువ రోజులు ఖాళీగా ఉండదు.

ఆ పోర్షన్లని భక్తులకి రోజు లెక్కన ఇద్దామని నీ స్నేహితుడు చెప్పాడన్నావు. అది లాడ్జి వ్యాపారం అన్నా, తెల్లారి మూడింటికి తాళాలు ఇవ్వడానికి ఒక మనిషి ఉండాలి. ఇప్పుడే వద్దు.

ఇక కాగితాలు. 2012లో నా ప్లాటు సంగతి ఇంట్లో ఎవరమూ ఎత్తం గానీ, ఇప్పుడు ఎత్తాలి. రేణిగుంట వైపు, నాలుగున్నర లక్షలు, నా ఆరేళ్ళ మిగులు. అమ్మినవాడు రంగు రంగుల రాళ్ళు పాతి చూపించాడు, అగ్రిమెంటు రాశాడు. రిజిస్ట్రేషన్‌కి వెళ్తే అది డీకేటీ పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూమి అని తేలింది. 1977 చట్టం ప్రకారం అట్లాంటి భూమిని అప్పట్లో అమ్మడమే చెల్లేది కాదు. డబ్బు రాలేదు. నువ్వు ఎంత తిరిగావో నాకు తెలుసు, నిన్ను అనడానికి రాయడం లేదు. ఆ రోజు మనం సర్వే నంబరు పట్టుకుని, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఎ నిషేధిత జాబితా చూసి ఉంటే అరగంటలో తెలిసేది.

అందుకే ఈ ఇంటికి 30 ఏళ్ళకి తక్కువ కాకుండా ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల రికార్డు తీయించు, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత చేతులు మారిన పత్రాలు అన్నీ జిరాక్సు తీసి లాయరుకి చూపించు. తిరుపతిలో మఠం భూములు, దేవాదాయ భూములు ఎక్కడ ఏ సర్వే నంబర్లో కలిసి ఉన్నాయో పైకి తెలియదు. ప్లాను అప్రూవల్ ఉందా, పై అంతస్తు అందులో ఉందా లేక తర్వాత వేశారా, అది నీకే బాగా అర్థమవుతుంది. ఒక్కసారి గట్టి వానలో పోయి ఆ వీధి చూడు. నాయన అనేవాడు గుర్తుందా, వానలో చూడని స్థలానికి ముగ్గు పోయొద్దని. 2021 నవంబరులో తిరుపతి మునిగినప్పుడు, రాయలచెరువు కట్టకి గండి పడుతుందేమోనని ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు, ఇక్కడ ఫోన్లో ఆ వీడియోలు చూస్తూ నాకు ఆయన మాటే గుర్తొచ్చింది. పాత వాగు దారి నీళ్ళకి గుర్తుంటుంది.

అడ్వాన్సు నగదుగా ఇవ్వకు. స్థలం బేరంలో 20 వేలు గానీ, అంతకు మించి గానీ నగదు తీసుకుంటే తీసుకున్నవాడికి అంత మొత్తం జరిమానా పడుతుంది, ఆ మాట అమ్మేవాళ్ళకీ చెప్పు, చెక్కే తీసుకుంటారు. 50 లక్షలు దాటింది కాబట్టి 1 శాతం, అంటే 52 వేలు, టీడీఎస్, అంటే అమ్మేవాళ్ళ తరఫు పన్ను, మనమే పట్టుకుని కట్టాలి, మర్చిపోతే నోటీసు మనకే వస్తుంది. నా 15 లక్షలు ఎన్ఆర్ఈ ఖాతా (విదేశంలో ఉండేవాళ్ళ బ్యాంకు ఖాతా) నుంచి బ్యాంకు ద్వారానే పంపిస్తాను.

చంద్రగిరి దగ్గర మామిడి తోట నా పేరు మీద కొందామన్నావే, అది కుదరదు. ఎన్ఆర్ఐలు పొలం, తోట కొనకూడదని రూలు ఉంది, ఇల్లు, ఇంటి స్థలం లాంటివైతే కొనొచ్చు. అమ్మకి తోట మీద ఆశ ఉందని తెలుసు, తర్వాత నీ పేరు మీదో వదిన పేరు మీదో చూద్దాం.

అవిలాల ఆయన తన స్థలం డెవలప్‌మెంటుకి, అంటే మనం ఫ్లాట్లు కట్టి అమ్మడానికి ఇస్తానన్న బేరం కూడా ఇప్పుడు ఒప్పుకోవద్దు. 500 చదరపు మీటర్లు దాటినా, 8 ఫ్లాట్లు దాటినా రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్టర్ చేయాలి, కొన్నవాళ్ళ డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో పెట్టి ఆ పనికే వాడాలి, ఇచ్చాక 5 ఏళ్ళదాకా కట్టడంలో లోపం వస్తే మనమే బాగుచేయాలి. చేయలేవని కాదు. ఈ ఇల్లు రెండేళ్ళు నడిపి, బ్యాంకు దగ్గర పేరు తెచ్చుకున్నాక చేద్దాం. కాంట్రాక్టు పనులు మాత్రం ఒక్కటి కూడా తగ్గించొద్దు, ఇంటికి ఏదైనా అయితే మనల్ని నిలబెట్టేది అవే.

నేను గంగమ్మ జాతరకి వస్తున్నాను, 20 రోజులు సెలవు అడిగాను, ఇస్తామన్నారు. అప్పటికి ఈసీ, లింకు డాక్యుమెంట్ల ఫొటోలు వాట్సాప్‌లో పంపు, చదివి పెట్టుకుంటాను. వచ్చిన మరుసటి రోజే ఇద్దరం సుత్తి, లెవెల్ ట్యూబు పట్టుకుని ఆ మిద్దె ఎక్కుదాం. అమ్మేవాళ్ళు తొందర పెడితే, తమ్ముడు వచ్చి చూడాలి అని నా పేరు చెప్పు.

అమ్మ మోకాలి నొప్పికి డాక్టరు రాసిన మాత్రలు సరిగ్గా వేసుకుంటోందా? నీ మరదలు అమ్మకోసం ఖర్జూరాలు, వదినకి చీర తీసి పెట్టింది. చిన్నోడికి ఏం కావాలో వాడినే అడిగి రాయి.

నీ తమ్ముడు