సిస్టర్ సిటీ అంటే ఒట్టి ఫొటోలేనా?

అందరికీ హాయ్, సిస్టర్ సిటీ (వేరే వేరే దేశాల్లోని రెండు ఊళ్లు స్నేహ ఒప్పందం చేసుకుని జత కట్టడం) అంటే మేయర్లు శాలువాలు కప్పుకుని ఫొటోలు దిగడమేగా అని నిన్న గ్రూప్‌లో ఒకరు అన్నారు, సగం నిజమే అనుకోండి 😄 కానీ పోర్టు ఊళ్ల సంగతి కొంచెం వేరు, ఓడలు ఎలాగూ వస్తూపోతూ ఉంటాయి కాబట్టి పరిచయాలు ముందే ఉంటాయి, ఒప్పందం తర్వాత వస్తుంది. జపాన్‌లో యోకొహామా, అమెరికాలో శాన్ డియేగో 1957లో జత కట్టాయి, యోకొహామా వాళ్లు పెద్ద కంచు గంట పంపితే అది శాన్ డియేగోలోని షెల్టర్ ఐలాండ్‌లో నీళ్ల పక్కనే వేలాడుతోంది, బదులుగా శాన్ డియేగో వాళ్లు నీళ్ల కుండ పట్టుకున్న ఆడమనిషి విగ్రహం పంపారు, అది యోకొహామాలో హార్బర్ ఎదురుగా ఉన్న యమషిటా పార్కులో ఉంది, చూడండి ఎంత బాగుంటుందో. చైనాలో షాంఘై, నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్ కూడా 1979 నుంచి ఇలాగే సిస్టర్ సిటీలుగా ఉన్నాయి.

అన్నీ సాఫీగా సాగవు లెండి, జపాన్‌లోని ఒసాకా అయితే శాన్ ఫ్రాన్సిస్కోలో పెట్టిన కంఫర్ట్ విమెన్ (రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా వాడుకున్న ఆడవాళ్లు) విగ్రహం గొడవలో 2018లో ఆ ఊరితో అరవై ఏళ్ల బంధం తెంచేసుకుంది. నా మటుకు నాకు మేయర్ల సంతకాల కన్నా స్కూలు పిల్లలు అవతలి ఊళ్లో ఎవరింట్లోనో ఉండి రావడమే అసలు ఎక్స్ఛేంజ్ అనిపిస్తుంది, ఆ పరిచయాలు ఒప్పందం రద్దయినా పోవుగా. మీకు తెలిసిన జంట ఊళ్లుంటే ఇక్కడ పెట్టండి, పోర్టులైతే మరీ మంచిది.