ఆదివారం చర్చ: అబ్దాలీ ఎందుకొచ్చాడు?

అందరికీ నమస్కారం 🙏

ఈ ఆదివారం సాయంత్రం 6 గంటలకు గూగుల్ మీట్‌లో మన చరిత్ర చర్చ. 1761లో మరాఠాలకూ అఫ్గాన్ రాజు అహ్మద్ షా అబ్దాలీకీ మధ్య మూడో పానిపట్టు యుద్ధం ఎలా జరిగిందో కాదు, అక్కడిదాకా ఎందుకొచ్చిందో మాట్లాడుకుందాం.

1752 ఒప్పందంతో మొగలు చక్రవర్తిని కాపాడే బాధ్యత మరాఠాలు నెత్తికెత్తుకున్నారు; బదులుగా పంజాబ్ ఆదాయంలో వాటా పొందారు. ఆ పంజాబ్ ఆదాయం మీదే అబ్దాలీకీ కన్ను. 1757లో ఢిల్లీ, మథురలను దోచుకుని, కొడుకు తైమూర్ షాను లాహోర్‌లో పెట్టి వెళ్లాడు. మరుసటి ఏడాదే మరాఠా సేనాని రఘునాథరావు సేన తైమూర్‌ను తరిమేసింది. నా దృష్టిలో మంట అంటుకున్నది అక్కడే. రోహిల్లాల (ఉత్తరాదిలో స్థిరపడ్డ అఫ్గాన్ల) నాయకుడు నజీబుద్దౌలా అబ్దాలీకి పంపిన పిలుపు దానికి ఆజ్యం పోసింది.

మనకు దగ్గరి సంగతి: 1760లో ఉదగీర్‌లో నిజాంపై గెలిచిన మరాఠా సేనాని సదాశివరావు భావూయే సేనతో ఉత్తరానికి కదిలాడు. అంతకుముందు నిజాం కొలువులో ఉన్న ఇబ్రహీం ఖాన్ గార్దీ తన ఫిరంగులతో ఆయన వెంట వెళ్లాడు. మతయుద్ధమని ఒక్క మాటలో తేల్చేసే ముందు ఈయన్ని గుర్తు తెచ్చుకోండి.

👉 ఒక్కొక్కరు ఒక్కో కారణం ఎంచుకుని శుక్రవారంలోపు ఇక్కడ పెట్టండి. రెండు నిమిషాలు మాట్లాడితే చాలు.

👉 రాజపుత్రులు, జాట్లు మరాఠాలకు ఎందుకు దూరమయ్యారన్నది ఇంకా ఎవరూ తీసుకోలేదు. ఎవరైనా ముందుకు రండి, ప్లీజ్.

లింక్ ఆదివారం మధ్యాహ్నం పెడతాను. పంజాబ్ మ్యాప్ ఒకటి దగ్గర పెట్టుకోవడం మర్చిపోకండి.