కొమగాటా మారు సర్దార్జీల విషయం మాత్రమేనా?

సంపాదకులు గారికి,

కెనడా చదువుల గురించి మీ పత్రికలో తరచూ రాస్తున్నారు. ఫీజులు, వీసాలు, పార్ట్‌టైమ్ ఉద్యోగాలు అన్నీ ఉంటున్నాయి. మన పిల్లలు దిగే వాంకూవర్ ఒకప్పుడు భారతీయులను రేవులోనే ఎలా ఆపేసిందో మాత్రం కనపడదు. ఇక్కడి తెలుగువాళ్లను కదిపితే ‘అది సర్దార్జీల విషయం కదండీ’ అంటారు.

1914 మే 23న 376 మందితో కొమగాటా మారు అనే జపాన్ ఓడ వాంకూవర్ చేరింది. ఎక్కువమంది సిక్కులే, నిజమే. కానీ వాళ్లను ఆపిన 1908 నాటి నిబంధన మతం చూడలేదు, భాష చూడలేదు. స్వదేశం నుంచి మధ్యలో ఎక్కడా ఆగిపోకుండా ఒకే ప్రయాణంలో వచ్చినవాళ్లకే ప్రవేశమంది. భారతదేశం నుంచి అలా నేరుగా వచ్చే ఓడలే అప్పుడు లేవు! ఇండియన్లు రావద్దని ఒక్క ముక్క రాయకుండానే తలుపు వేసేశారన్నమాట. పైగా చేతిలో 200 డాలర్లు ఉండాలన్న షరతు. గుంటూరు నుంచి వెళ్లినవాడికైనా ఇదే గతి.

ఓడ రెండు నెలలు అక్కడే ఉంది. 24 మందిని మాత్రమే దిగనిచ్చారు. తిండికీ నీళ్లకూ కటకట. ఒడ్డునున్న భారతీయులు చందాలు వేసుకుని ఓడ అద్దె కట్టారు, కోర్టుకెక్కి ఓడిపోయారు. పోలీసులు రాత్రిపూట ఓడ ఎక్కబోతే ప్రయాణికులు బొగ్గు పెళ్లలు విసిరి తరిమారు. చివరికి రెయిన్‌బో అనే యుద్ధనౌకను తెచ్చి ఎదురుగా నిలబెట్టారు. కెనడా నౌకాదళం పుట్టి అప్పటికి నాలుగేళ్లే. జూలై 23న ఓడ వెనుదిరిగింది. సెప్టెంబరులో కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో బ్రిటిష్ వాళ్లు జరిపిన కాల్పుల్లో సుమారు 20 మంది చనిపోయారు.

2016లో ప్రధాని ట్రూడో పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఓడను వెనక్కి పంపాలని పట్టుబట్టిన ఎంపీ హ్యారీ స్టీవెన్స్ పేరును వాంకూవర్‌లోని ఒక ప్రభుత్వ భవనం నుంచి 2019లో తొలగించారు. పేరు తీసేసి ఊరుకోవడం నాకంతగా నచ్చలేదు. ఆయన ఏం చేశాడో ఆ గోడ మీదే రాసి ఉంచాల్సింది.

వాంకూవర్‌లోని కోల్ హార్బర్ ఒడ్డున ఈ ఘటనకు స్మారకం ఉంది. వనభోజనాలకూ ఉగాది వేడుకలకూ ఇంతమందిని పోగుచేసే తెలుగు సంఘాలు కొత్తగా వచ్చిన విద్యార్థులను ఒక్కసారి అక్కడికి తీసుకెళ్లడం పెద్ద పనేం కాదు. మీరు కూడా వచ్చే మే 23న విదేశీ విద్య పేజీలో దీనికి కాస్త చోటివ్వండి.

– ఒక పాఠకుడు, సర్రే, బ్రిటిష్ కొలంబియా