టర్బోకి అడ్వాన్సు ఇచ్చేముందు

విజయనగరం,
ఆదివారం సాయంత్రం

ఒరే రాంబాబూ,

నీ మెసేజి చూశాను. "బండి లాగట్లేదు, పొద్దున్నే స్టార్ట్ చేస్తే టకటకమంటోంది, షెడ్డువాళ్లు టర్బో పోయిందంటున్నారు" అని మూడు ముక్కలు రాసి ఊరుకున్నావు. టర్బో అంటే ఇంజను వదిలే పొగ బలంతో తిరుగుతూ ఇంజనులోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే చక్రమే కదా. ఫోన్లో చెబితే సగం విని మిగతా సగం పలాస రాజకీయాల్లోకి దింపేస్తావు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. అడ్వాన్సు ఇవ్వకపోయుంటే ఈ ఉత్తరం చదివేదాకా ఇవ్వకు. ఇచ్చేశావా, అయినా చదువు.

మా డీజిల్ బండికీ అచ్చం ఇదే రోగం వచ్చింది, అందుకే ఇంత పెద్దరికం. వానలు తగ్గాక కోరాపుట్ బయల్దేరాం. గజపతినగరం, రామభద్రపురం మీదుగా చదును రోడ్డు మీద హాయిగానే పోయింది. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కడం మొదలెట్టగానే చతికిలబడిపోయింది. మూడో గేర్లో ఎంత తొక్కినా వెనకాల నల్లపొగే గానీ ముందుకి కదలదు. రెండో గేరుకి దించాను. ఒక లోడు లారీ హారన్ కొట్టుకుంటూ వచ్చి నన్ను దాటుకుని పోయింది. లోడు లారీరా! మా ఆవిడ ఆ లారీ వైపు చూసి, "దిగి తొయ్యమంటారేటి?" అంది. ఏం సమాధానం చెప్పను?

తిరిగొచ్చాక ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్లాను. బండి లోపాన్ని కోడ్ రూపంలో చూపించే స్కానర్ తగిలిస్తే పి0299 అని వచ్చింది. వెంటనే టర్బో మార్చాలన్నారు, ఐదంకెల అంచనా కాగితం చేతిలో పెట్టారు. ఇక్కడే ఆగాలిరా. టర్బో ఇవ్వాల్సినంత గాలి ఒత్తిడి రావట్లేదని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది. ఎందుకు రావట్లేదో అది చెప్పదు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అంటే ఆ గాలిని చల్లబరిచే దానికి, పోయే రబ్బరు గొట్టం పగిలినా అదే కోడు, టర్బోని అదుపుచేసే సన్నటి వాక్యూమ్ పైపు ఊడినా అదే కోడు, కొంత పొగని మళ్లీ ఇంజనులోకే పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకునే ఉండిపోయినా అదే రావచ్చు. వీటిలో కొన్నింటికి టీ ఖర్చంత కూడా అవ్వదు.

వాళ్లని పొద్దుటి చప్పుడు సంగతి కూడా అడిగాను. "ఏ చప్పుడూ లేదు సార్" అన్నారు. వాళ్లేం అబద్ధం ఆడలేదు. ఇంటి దగ్గర స్టార్ట్ చేసి, ట్రాఫిక్‌లో పడి షెడ్డుకి చేరేసరికి ఇంజను కాగిపోతుంది, చప్పుడు మాయమైపోతుంది. చల్లబడ్డ ఇంజనులో వచ్చే చప్పుడు షెడ్డువాళ్లకి వినిపించాలంటే బండి రాత్రికి అక్కడే పడుకోవాలి. నేను నీకు చెప్పదల్చుకున్నది ముఖ్యంగా ఇదే.

రింగు రోడ్డు పక్కన ఒక ముసలి మేస్త్రీ ఉన్నాడు. వయసులో ఉండగా సాలూరులో లారీల పని చేసినాయన. నేను చెప్పిందంతా విని బానెట్ కూడా ఎత్తలేదు. "తాళాలిచ్చి ఎల్లిపోండి బాబూ. తెల్లారి రండి, నాను ముట్టుకోను. మీ సేత్తోనే స్టార్టు సేద్దురుగాని" అన్నాడు.

తెల్లారి వెళ్లేసరికి బానెట్ ఎత్తి, మూరెడు నీళ్ల పైపు ముక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు. స్టార్ట్ చేశాను. టక్ టక్ టక్ మొదలైంది, యాక్సిలరేటర్ నొక్కితే దానితోపాటే వేగం పెరుగుతోంది. పైపు ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసని తిరిగే బెల్టులకి తగలకుండా, సిలిండర్ల నుంచి పొగని బయటకి తీసుకెళ్లే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వెంబడి జరుపుకుంటూ పోయాడు. చివరి సిలిండర్ దగ్గరికి రాగానే ఆగి, కళ్లతోనే నన్ను రమ్మన్నాడు. నేను చెవి పెడితే ఫట్ ఫట్‌మని గాలి కొడుతోంది! తర్వాత వాళ్ల కుర్రాణ్ణి పిలిచి, సైలెన్సర్ మూతికి మందపాటి గోనె గుడ్డ ఒక్క క్షణం అడ్డం పెట్టించాడు. చప్పుడు రెట్టింపయింది. ఇంకాసేపటికి ఇంజను వేడెక్కింది, చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది.

ఇంజను చల్లారాక వేడి తగలకుండా ఉండే రేకు విప్పి చూపించాడు. మానిఫోల్డ్ ఇంజనుకి అతుక్కునే చోట నల్లటి మసి చార. దాన్ని ఇంజనుకి బిగించి పట్టే స్టడ్డుల్లో (మరల కడ్డీలు) ఆ కొసనున్నది తెగిపోయి ఉంది. చల్లగా ఉన్నప్పుడు సందు తెరుచుకుంటుంది, కాగాక ఇనుము వ్యాకోచించి మూసుకుంటుంది. కానీ ఘాట్‌లో తొక్కినప్పుడు లోపలి ఒత్తిడికి ఆ సందు మూసుకుని ఉండలేదు. టర్బో చక్రాన్ని తిప్పేది ఆ పొగే కదా. పొయ్యి ఊదే గొట్టానికి మధ్యలో చిల్లు పడితే నువ్వెంత ఊదినా నిప్పు రాజుకోదు, ఇదీ అంతే. ఒత్తిడంతా టర్బోకి చేరకముందే బయటకి పోతోంది. గాలి చాలదు, డీజిల్ పూర్తిగా కాలదు, అందుకే ఆ నల్లపొగ. చప్పుడూ, బలం తగ్గడమూ వేరువేరు జబ్బులనుకున్నాం గానీ రెండూ ఒకటే.

అలాగని నీదీ అదేనని నేను ఒట్టు పెట్టను. నీ "టకటక" ఏ రకమో వినాలి. స్టార్ట్ చేయగానే గొలుసు గుంజినట్టు ఒకటి రెండు సెకన్లు గలగలమని ఆగిపోతే టైమింగ్ చైన్ టెన్షనర్‌ని, అంటే వాల్వుల్ని నడిపించే గొలుసుని బిగువుగా పట్టి ఉంచేదాన్ని, అనుమానించు. దానికి ఆయిల్ ఒత్తిడి అందేదాకా చైన్ వదులుగా ఉంటుంది. ఆయిల్ లెవల్ చూడు, నాసిరకం ఫిల్టర్ వేశారేమో చూడు. చైన్ మరీ సాగిపోతే వాల్వుల టైమింగ్ తప్పి బలం కూడా తగ్గుతుంది. గలగల ఎక్కువసేపు ఉంటే మాత్రం బండి తియ్యకు, చైన్ తప్పిందంటే ఇంజను ముక్కలే. కీచుమంటే బెల్టు. దానిమీద నాలుగు చుక్కలు నీళ్లు చల్లితే చప్పుడు మారుతుంది. అసలు డీజిల్ ఇంజను చల్లగా ఉన్నప్పుడు కాస్త గరుగ్గానే మోగుతుంది, దానికి కంగారు పడకు. నల్లపొగ లేకుండా ఎత్తుల మీద, ఎక్కువ స్పీడులో మాత్రమే నీరసపడుతుంటే డీజిల్ ఫిల్టర్ చూపించు. ఎయిర్ ఫిల్టర్ అయితే నువ్వే విప్పి చూసుకోవచ్చు, మీ రోడ్ల దుమ్ముకి అది ఏ స్థితిలో ఉందో!

మాకు పని జరగడానికి కొంచెం టైమే పట్టింది. తెగిన స్టడ్డుకి తుప్పు వదిలే నూనె పట్టించి నానబెట్టి, డ్రిల్లు చేసి తీశారు. మానిఫోల్డ్ వంగిందేమోనని లేతు షాపులో చూపించి చదును చేయించారు. అతుకులో పొగ కారకుండా మధ్యలో పెట్టే గ్యాస్కెట్టు కొత్తది, అన్నీ కొత్త స్టడ్డులే వేసి, మధ్యలోంచి చివరలకి, ఎంత బిగువు కావాలో కొలిచి బిగించే టార్క్ రెంచ్‌తో బిగించారు. నువ్వు చేయించుకుంటే పాత స్టడ్డులు మళ్లీ వాడనివ్వకు, అక్కడ మిగిల్చే రూపాయలకి అర్థం లేదు. తర్వాత అదే ఘాట్ మూడో గేర్లోనే ఎక్కేసింది.

ఇంకో మాట. బండి లోపల పొగ వాసన వస్తోందా? వస్తే అద్దాలు దించి నడుపు, మూసిన షెడ్డులో స్టార్ట్ చేసి వదిలెయ్యకు. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, మనిషిని తెలియకుండా పడేస్తుంది. వదినకి కూడా చెప్పు, పిల్లల్ని స్కూలుకి దింపేది తనే కదా.

రేపు పొద్దున్న స్టార్ట్ చేసే ముందే ఫోన్లో రికార్డింగ్ పెట్టి, బానెట్ ఎత్తి ఆ చప్పుడు నాకు పంపు. మేస్త్రీకి వినిపిస్తాను. మా పైడితల్లి అమ్మవారి సిరిమాను పండక్కి ఎలాగూ వస్తావుగా, బండి మాత్రం తేకు. బాగుపడినా సరే తేకు. ఆ మంగళవారం కోట దగ్గర సైకిల్ పెట్టుకోవడానికే చోటుండదు, పలాసలో రైలెక్కెయ్యి.

నీ
సత్యం