వాటం అడగకుండా అమ్మేశాను

కస్టమర్లందరికీ నమస్కారమండి.

కడియపులంకలో రోడ్డుకి అటూ ఇటూ ఎంత దూరం చూసినా నర్సరీలే. వాటి మధ్య ఒక్క మొక్క కూడా అమ్మని షాపు మాది. కుండీలు, పేవర్ ఇటుకలు, నాపరాళ్ళు, కొబ్బరి పొట్టు, షేడ్ నెట్టు, పందిరికి సరుగుడు బాదులు అంటే కర్రలు, ఇవే మా సరుకు. రోజుకి పదిమందైనా లోపలికొచ్చి "మొక్కల్లేవా?" అని అడిగి, లేవంటే ఏదో మోసం జరిగినట్టు చూసి వెళ్ళిపోతారు. వాళ్ళ సంగతి వదిలేయండి. మా దగ్గర కొన్నవాళ్ళకే ఈ కబురు. అందులోనూ "వాకిలి సెట్టు" కొన్నవాళ్ళకి ముఖ్యంగా.

తెలియనివాళ్ళకి చెప్తాను. 10 అడుగులకి 10 అడుగుల జాగాకి సరిపడా 60 ఎం.ఎం. పేవర్ ఇటుకలు 465, అంచు రాళ్ళు, డస్టు అనే రాతి పొడి, ఎలా పరుచుకోవాలో రాసిన ఒక కాగితం, అన్నీ కలిపి ఒకే ధరకి సంక్రాంతి నుంచి అమ్ముతున్నాం. "మేస్త్రీ అక్కర్లేదు, రెండు ఆదివారాల్లో మీరే వేసుకోవచ్చు" అని నేనే ప్రతి ఒక్కరికీ చెప్పాను. 41 సెట్లు వెళ్ళాయి. శ్రావణం దాటేసరికి 14 ఇళ్ళ నుంచి ఫోన్లు. ఒకరికి మధ్యలో కుంగింది, ఒకరికి అంచులు లేచాయి, ఇంకొకరికి నీళ్ళు నిలుస్తున్నాయి.

నిజం చెప్పాలంటే మొదట్లో తప్పు మీ మీదే వేశాను. నేల గట్టిపడేలా దిమ్మిస సరిగ్గా కొట్టి ఉండరు అనుకున్నాను. ఇద్దరు ముగ్గురితో ఆ మాట అనేశాను కూడా. క్షమించండి.

వరద తగ్గి కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు తిరుగుతోందని తెలిసి, ఒక ఆదివారం బండి పంటెక్కించుకుని ముక్తేశ్వరంలో ఒక మాస్టారింటికి వెళ్ళాను. చూస్తే రాళ్ళు వరసగా, ముచ్చటగా ఉన్నాయి. నేను వేసినా అంత బాగా రాదు. కుంగలేదు, లేవలేదు. మరేంటి గొడవ అని అడగబోయేలోపే మాస్టారి అమ్మగారు చెంబుతో నీళ్ళు తెచ్చి వాకిలి మధ్యలో ఒంపారు. నీళ్ళు ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, తిన్నగా గడప వైపు నడిచాయి. గడప కింద సందులోంచి లోపలికెళ్ళి మంచం కోడు దగ్గర ఆగాయి.

"మీ రాళ్ళు బాగానే ఉన్నాయి బాబూ, నీళ్ళే ఇంట్లోకొస్తున్నాయి" అన్నారావిడ.

మాస్టారు నా కాగితం తెచ్చి చూపించారు. అందులో అంగుళాలున్నాయి, లెక్కలున్నాయి, బొమ్మ కూడా ఉంది. వాటం, అంటే నీళ్ళు జారిపోవడానికి ఉంచే ఏటవాలు, ఆ మాట ఒక్కచోట కూడా లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ ఈ డెల్టాలో ప్రతి కాలువా, ప్రతి బోదీ ఒట్టి వాటం మీదే పారుతున్నాయి. కాలవగట్టు పక్కన పుట్టి పెరిగినవాణ్ణి, వాకిలికి వాటం రాయడం మర్చిపోయాను. తిరుగు పంటులో ఎవరితోనూ మాట్లాడలేదు.

తర్వాత మిగతా ఇళ్ళకీ వెళ్ళాను. ఆలమూరు, మండపేట, ద్రాక్షారామం, అంబాజీపేట అన్నీ తిరిగాక నాకు తేలిందేంటంటే, ఆ కాగితంలో కొలతలు మన నేలకి పనికొచ్చేవి కావు. ఎక్కడో గట్టి నేల మీద వేసిన వీడియో చూసి రాసుకున్నాను. కింద 2 అంగుళాల కంకర చాలన్నాను. మెట్ట ప్రాంతంలో ఎర్ర గ్రావెల్ నేలకి అది సరిపోతుందేమో గానీ, మన బంకమట్టికి చాలదు. పైగా ఎక్కువమంది ఏప్రిల్, మే నెలల్లో వేశారు. కాలువలు కట్టేసి, నేల బీటలు తీసి ఉన్న సమయం. జులైలో వాన పడగానే ఆ మట్టి నీళ్ళు తాగి ఉబ్బింది. అంచులు లేచిన ఇళ్ళన్నీ వేసవిలో వేసినవే. కుంగినవి వేరే రకం. అక్కడ కంకర మెత్తటి మట్టిలోకి దిగిపోయింది.

ఇప్పుడు కొత్త కాగితం రాశాను. అందులో ఉన్నదే ఇక్కడా చెప్తున్నాను. మా దగ్గర కొనకపోయినా వాడుకోండి.

ముందు ఒక వాన రోజు గొడుగేసుకుని వాకిట్లో నిలబడి నీళ్ళు ఎటు వెళ్తున్నాయో చూడండి. చూరు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయి, పక్కింటివాళ్ళవి ఎటొస్తున్నాయి, వీధి కాలువ మీ వాకిలి కన్నా పల్లంలో ఉందా మెరకలో ఉందా చూడండి. వీధి రోడ్డు మీద మళ్ళీ మళ్ళీ సిమెంటు పోసి పోసి చాలా ఊళ్ళలో ఇళ్ళే పల్లమైపోయాయి. అలాంటి ఇంటికి నేను ఇక సెట్టు అమ్మను. ముందు మెరక చేయించుకోండి అని చెప్తాను.

వాటం 10 అడుగులకి 2 అంగుళాలు, ఇంటి నుంచి బయటికి. దీనికి రసమట్టం కన్నా నీళ్ళు నింపిన లెవల్ ట్యూబు నయం. రెండు కొసల్లో రెండు పుల్లలు పాతి, ట్యూబులో నీళ్ళు సమంగా నిలిచిన చోట గుర్తు పెట్టి, బయట పుల్ల మీద 2 అంగుళాలు కిందకి దించి దారం కట్టండి. ఆ దారమే మీ మేస్త్రీ.

తవ్వకం 4 అంగుళాలు మించొద్దు. పై మట్టి, గడ్డి వేళ్ళు పోవాలంతే. అడుగున పాత యూరియా సంచులు గానీ సిమెంటు సంచులు గానీ దులిపి, విప్పి, ఒకదాని మీద ఒకటి జానెడు ఎక్కేలా పరవండి. కంకర బంకమట్టిలోకి దిగకుండా ఆపేది అదే. దాని మీద కంకర, డస్టు కలిపిన మిశ్రమం 4 అంగుళాలు. ఒకేసారి పోయొద్దు, 2 అంగుళాలు పోసి తడిపి దిమ్మిస కొట్టి, మళ్ళీ 2 అంగుళాలు. దాని మీద అంగుళం డస్టు, కొట్టకుండా కర్రతో సమంగా గీసింది. దాని మీద ఇటుక. అంచు రాళ్ళకి మాత్రం సిమెంటు ఆనించాలి, లేకపోతే ఇటుకలు నెమ్మదిగా బయటికి జరుగుతాయి. ఆఖర్న పొడి సన్న ఇసుక చీపురుతో సందుల్లోకి ఊడవండి. ఇసుక తడిగా ఉంటే సందులోకి దిగదు. అలా వేస్తే వాకిలి చుట్టూ నేల కన్నా 3 అంగుళాల పైచిలుకు మెరకలో ఉంటుంది. గడప మాత్రం ఇంకో అరడుగైనా పైన ఉండాలి.

ఎప్పుడు వేయాలంటే, కార్తీకం వెళ్ళాక, శివరాత్రి లోపు. గుప్పెడు మట్టి తీసి పిసకండి. ఉండ కట్టాలి, అరచేతికి అంటకూడదు. అంటుకుంటే ఇంకా తొందర, పొడిపొడిగా రాలితే ఆలస్యం.

నీళ్ళు బయటికెళ్ళే చోట ఇంకుడు గుంత తవ్వమని చాలామంది చెప్తారు. మా షాపు వెనక తవ్వి చూశాను. ఆగస్టులో పైనుంచి పోయకముందే కిందనుంచి ఊరి నిండిపోయింది. మెట్టలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, లంక పల్లాల్లో పనిచేయదు. దాని బదులు వాటం దిగే వైపు రెండు అరటి పిలకలు, ఒక చేమ మడి పెట్టండి. నీళ్ళ సంగతి అవే చూసుకుంటాయి.

ఇంకో తప్పుంది. ఇది ఆడవాళ్ళు చెప్తే గానీ నాకు తట్టలేదు. పేవర్ ఇటుకల మీద ముగ్గు కుదరదు. పిండి సందుల్లో పడిపోతుంది, గీత తెగిపోతుంది, చుక్కలు కనపడవు. మండపేటలో ఒక అక్కగారు "ధనుర్మాసం నెల రోజులూ నేను రోడ్డు మీద ముగ్గేసుకోవాలా?" అని నిలదీశారు. ఆవిడ వేసవిలో వేయించుకున్నారు కాబట్టి ఇంకా ఆ బాధ పడలేదు, కానీ ముందే లెక్కేసుకున్నారు. 41 సెట్లు అమ్మాను, కొనడానికి వచ్చింది దాదాపు అందరూ మగవాళ్ళే, ఒక్కడికీ గుర్తు రాలేదు, నాతో సహా. కొత్త సెట్టులో గడప ముందు 4 అడుగుల చదరం ఖాళీగా వదులుతున్నాం. అక్కడ మీ ఇష్టం, నున్నగా సిమెంటు చేసుకోండి, లేదా మట్టే ఉంచి కళ్ళాపి జల్లుకోండి. చదరం తగ్గినందుకు ఓ 74 ఇటుకలు మిగులుతాయి, వాటితో పెరట్లో గిన్నెలు తోముకునే చోటు వేసుకోవచ్చు.

మిగతా సరుకు గురించి కూడా చెప్పాల్సినవి కొన్నున్నాయి.

నాపరాయి బెంచీ: 8 అంగుళాల సిమెంటు దిమ్మెలు రెండేసి, పైన అంగుళంన్నర మందం రాయి. కూర్చోడానికి ఎత్తు సరిగ్గా వస్తుంది, సాయంత్రం అరుగు లేని లోటు తీరుతుంది. కానీ 5 అడుగుల రాయికి రెండు కొసల్లోనే దిమ్మెలు పెట్టి ఇచ్చాను. ఒక పెళ్ళివారింట్లో ముగ్గురు మావయ్యలు ఒకేసారి కూర్చున్నారట. ఎవరికీ దెబ్బ తగల్లేదు, భోజనాల దగ్గర నవ్వుకున్నారట కూడా. నేను మాత్రం నవ్వలేదు. మధ్యలో మూడో దిమ్మె ఉండాలి. ఇప్పటికే తీసుకున్నవాళ్ళు వచ్చి రెండు దిమ్మెలు ఊరికే పట్టుకెళ్ళండి.

కొబ్బరి పొట్టు: వేసవిలో వచ్చిన ఒక లాట్‌లో ఉప్పు ఎక్కువుంది. తులసి ఆకుల కొసలు మాడాయని ఇద్దరు చెప్పాక చూసుకున్నాను. ఎక్కడ కొన్నా సరే, 5 కిలోల దిమ్మ నానితే 70 లీటర్ల దాకా అవుతుంది, దాన్ని మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి పిండాకే కుండీలో కలపండి. మీ బోరు నీళ్ళే ఉప్పగా ఉంటే, అంతర్వేది వైపు అలాగే ఉంటాయి కదా, వాన నీళ్ళు పట్టి కడగండి. కుండీల కింద ప్లాస్టిక్ పళ్ళాలు నేను అమ్మడం మానేశాను. వారం నిలిచిన నీళ్ళు చాలు దోమ పెరగడానికి. మూడు ఇటుక ముక్కల మీద కుండీ పెడితే చాలు, దానికి నాకు డబ్బులివ్వక్కర్లేదు.

పందిరి: సరుగుడు బాదు నేలలో పాతితే నేల మట్టం దగ్గర పుచ్చుతుంది, చెదలు సరేసరి. పాత పెయింటు డబ్బాలో కాంక్రీటు పోసి అందులో ఇనప పట్టీ నిలబెట్టి, బాదుని నేలకి రెండంగుళాలు పైన ఉంచి దానికి బోల్టు బిగించండి. డబ్బాని మాత్రం నేలలో పాతాలి. పైన బీరపాదు పాకిస్తారా, సన్నజాజి పాకిస్తారా మీ ఇష్టం. నెట్టు మాత్రం ముడి లాగితే విడిపోయేలా కట్టండి. 1996 నవంబరు గాలివాన చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. తుపాను అనగానే నెట్టు విప్పి లోపల పెట్టేయాలి, లేకపోతే అదే తెరచాపై పందిరిని లాక్కుపోతుంది.

ప్లాస్టిక్ గడ్డి తివాచీ ఇక తేను. లాభం బాగుంది, ఒప్పుకుంటాను. కానీ మేలో కాలు పెట్టలేం, ఆగస్టులో కింద వాసన. పెరట్లో దారికి కొబ్బరి డొక్కలు బోర్లా పరుచుకోండి, వెల్లకిలా అయితే నీళ్ళు నిలుస్తాయి. మన దగ్గర డొక్కలకి లోటా?

పాకుడు పట్టిందని చాలామంది అడుగుతున్నారు. బ్లీచింగ్ పొడి నీళ్ళలో కలిపి పోసి, పావుగంటాగి బ్రష్షుతో రుద్ది కడిగేయండి. మొక్కల మొదట్లోకి పోనివ్వకండి. దాంతో పాటు బాత్రూమ్ యాసిడ్ మాత్రం కలపొద్దు, విషపు గ్యాసు వస్తుంది. ఒకాయన కలపబోతుంటే నేనే ఆపాను.

ఇక డబ్బు విషయం. సెట్టు ధర 1,400 పెరిగింది. అర ట్రాక్టరు కంకర మిశ్రమం కలిసింది కాబట్టి. తగ్గించలేను. పాత సెట్టు తీసుకుని ఇబ్బంది పడ్డ 14 ఇళ్ళకీ ఆ కంకర నా ఖర్చే, మా కుర్రాడు ఒక పూట వచ్చి ఇటుకలు లేపడంలో సాయం చేస్తాడు. మళ్ళీ పరచడం మీరే చేసుకోవాలి, పూర్తిగా కూలీ పెట్టే స్తోమత నాకు లేదు. ఆదివారానికి ఒక ఇల్లు చొప్పున, కార్తీకం అయ్యాక మొదలుపెడతాం. అందరికీ సంక్రాంతిలోపు కాదు, ఆఖరి ఇంటికి శివరాత్రి దాకా పట్టొచ్చు. మిగతా 27 ఇళ్ళవాళ్ళు ఒక్కసారి చెంబుడు నీళ్ళు పోసి చూసి, ఇంటి వైపు వస్తే ఫోన్ చేయండి, వరసలో రాసుకుంటాను. దిమ్మిస, లెవల్ ట్యూబు రెండు రోజులకి అరువిస్తాం, 500 అడ్వాన్సు, తిరిగిచ్చాక వాపసు.

మొదటి ఆదివారం ముక్తేశ్వరానికే. మాస్టారి అమ్మగారికి కొత్త కాగితం పంపిస్తే చదివించుకుని, ముగ్గు చదరం 4 అడుగులు చాలదు, 5 పెట్టమని కబురు చేశారు. ఆ ఇంటికి 5 పెడుతున్నాం.