ఒకే పేరు, రెండు కథలు: నాన్సీ డ్రూ కొన్నవారికి మా దుకాణం నుంచి

నాన్సీ డ్రూ అంటే చిక్కుముడి కేసుల గుట్టు విప్పే అమెరికా అమ్మాయి. ఆమె కథల పుస్తకాలు మా దగ్గర కొన్నవారందరికీ ఒక విషయం చెప్పుకోవాలి. ఇన్నేళ్లుగా నేను ఒకే పేరున్న రెండు వేర్వేరు కథలను ఒకటే అనుకుని మీకు అమ్ముతూ వచ్చాను. తెలిసి చేసింది కాదు. కానీ పాత పుస్తకాలు అమ్మేవాడికి తెలిసి ఉండవలసిన సంగతి అది.

పోయిన నెల ఒక పెద్దావిడ వచ్చారు. డెబ్బై దాటి ఉంటాయి. తాను చిన్నప్పుడు చదివిన మొట్టమొదటి ఇంగ్లిషు నవల ‘ది సీక్రెట్ ఆఫ్ ది ఓల్డ్ క్లాక్’ను మనవరాలి పదో పుట్టినరోజుకి ఇవ్వాలన్నారు. గట్టి అట్ట, పసుపు రంగు వెన్ను ఉన్న ఒక కాపీ ఉంటే దుమ్ము తుడిచి, రంగు కాగితం చుట్టి ఇచ్చాను. నాలుగో రోజున అదే పుస్తకంతో తిరిగి వచ్చారు.

“బాబూ, ఇది నేను చదివిన పుస్తకం కాదు.”

అరవై ఏళ్ల నాటి జ్ఞాపకం, నాలుగు కథలు కలిసిపోయి ఉంటాయని సర్దిచెప్పబోయాను. ఆవిడ స్టూలు మీద కూర్చుని మొదటి పేజీ తెరిచారు. “ఇక్కడ చూడు. ఎవరో చిన్నపిల్ల వ్యానుకు అడ్డంగా వచ్చి, తప్పించుకోబోయి వంతెన గోడ మీంచి పడిపోయింది. నా పుస్తకంలో ఆ పిల్లే లేదు. తండ్రీ కూతుళ్లు ఇంట్లో కూర్చుని ఒక ముసలాయన వీలునామా గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. ఆ పేజీని మా అమ్మకు తెలుగులో చెప్పి వినిపించాను. నాకెందుకు గుర్తుండదు?”

ఆ రాత్రి దుకాణం మూసే ముందు అటక మీది పెట్టెలు దింపాను. కొన్నేళ్ల కిందట అబిడ్స్‌లో ఆదివారం రోడ్డు పక్కన ఒక కట్టగా కొన్న పాత ప్రతులు వాటిలో ఉన్నాయి. అట్టలు ఊడిన అదే పుస్తకం పాత కాపీ ఒకటి దొరికింది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. పాతదానిలో 25 అధ్యాయాలు, కొత్తదానిలో 20. పాత నాన్సీకి పదహారేళ్లు, కొత్త నాన్సీకి పద్దెనిమిది. వంతెన మీంచి పడిన పాప పాతదానిలో ఎక్కడా లేదు. ఆవిడ చెప్పిన ప్రతి మాటా నిజం.

జరిగిందేమిటంటే, 1930లో మొదలైన ఈ పుస్తకాలను ప్రచురణకర్తలు 1959 నుంచి ఒక్కొక్కటిగా తిరగరాయించారు. 1977 నాటికి మొదటి 34 పుస్తకాలు మారిపోయాయి. ఇద్దరు అన్నదమ్ములు కేసుల గుట్టు విప్పే, 1927లో మొదలైన హార్డీ బాయ్స్ పుస్తకాలదీ ఇదే దారి. కొన్ని పుస్తకాల్లో కథ కుదించారు, కొన్నింటిలో కథే మార్చేశారు. పేరు మాత్రం అదే.

మార్చడానికి ఒక బలమైన కారణం ఉంది, అది దాచడం నాకు ఇష్టం లేదు. 1930 నాటి కథలో దొంగలు దోచుకున్న ఇంటి కాపలాదారు నల్లజాతి మనిషి. అతన్ని తాగుబోతుగా, నవ్వులాటకు పనికొచ్చేవాడిగా రాశారు. అతని మాటల యాసను కూడా వెక్కిరింతగానే రాశారు. చదువుతుంటే నాకు మనసు చివుక్కుమంది. 1959 ప్రతిలో ఆ చిత్రణ తీసేశారు, మంచి పని చేశారు. కానీ దానితో పాటు పాత నాన్సీలోని తెగువ కూడా కొంత పోయింది. ఎవరి మాటకూ ఆగని ఆ పిల్ల కొత్త ప్రతిలో బాగా మర్యాదస్తురాలు అయిపోయింది. పిల్లలు సొంతంగా చదువుకోవడానికి కొత్తది, పెద్దవాళ్లు పక్కన కూర్చుని మాట్లాడుతూ చదివించడానికి పాతది అని నా సలహా.

ఇంకో పొరపాటు కూడా ఒప్పుకోవాలి. అట్ట మీద ఉన్న కారొలిన్ కీన్ ఎవరని పిల్లలు అడిగితే అమెరికాలో ఉండే రచయిత్రి అని చెప్పేవాణ్ణి. అలాంటి మనిషే లేరు. ఎడ్వర్డ్ స్ట్రాటమైయర్ సంస్థ కథాసారం ఇచ్చి వేరేవాళ్లతో రాయించేది. తొలి 30 పుస్తకాల్లో 23 రాసింది మిల్‌డ్రెడ్ వర్ట్ బెన్సన్. మొదట్లో ఒక్కో పుస్తకానికి ఆమెకు ముట్టింది 125 డాలర్లు, అంతే. 1980లో ప్రచురణకర్తల మధ్య నడిచిన కోర్టు కేసులో సాక్ష్యం చెబితే గానీ ఆమె పేరు లోకానికి తెలియలేదు. ఇప్పుడు మా అర మీద ఆమె పేరు రాసి పెట్టాను.

నేను తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. నాన్సీ డ్రూ నా చిన్నతనంలో లేదు. నాకున్నది చందమామ సీరియల్. నెల మొదట్లో పోస్టుమాన్ సైకిల్ బెల్లు వినగానే అన్నయ్య కంటే ముందు వీధి చివరికి పరుగెత్తేవాణ్ణి. ఆ సీరియల్‌లో ఒక పాత్రను మార్చి రాసి, ఇదే నువ్వు చదివింది అని ఎవరైనా నా చేతిలో పెడితే నేను ఊరుకోను. ఆవిడ తిరిగి వచ్చినప్పుడు ముందుగా నాకు తట్టవలసింది అదే.

ఇకపై మా దగ్గరి ప్రతి నాన్సీ డ్రూ, హార్డీ బాయ్స్ పుస్తకం మొదటి పేజీలో పెన్సిల్‌తో ‘పాత కథ’ లేదా ‘తిరగరాసినది’ అని ఉంటుంది. అధ్యాయాలు లెక్కపెట్టి, కాపీరైట్ సంవత్సరం చూసి నేనే రాస్తున్నాను. సగం అర అయింది. ఇంతకుముందు కొన్నవారు మీకు కావలసిన కథ రాలేదనుకుంటే పుస్తకం తీసుకుని రండి, రసీదు అక్కరలేదు. మార్చుకోవచ్చు, లేదా డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. అంకెల వరుసలో సేకరించేవారికి మరో మాట: బ్రిటన్‌లో ఆర్మడా అనే ప్రచురణ సంస్థ వేసిన ప్రతుల మీది అంకెలు అమెరికా వరుసతో కలవవు. అంకె కాదు, పేరు చూసి కొనండి.

1959కి ముందు నాటి కథ ఉన్న ప్రతులు మా దగ్గర నాలుగే ఉన్నాయి. వాటిని అమ్మను. కిటికీ పక్క బల్ల మీద ఉంటాయి, ఎంతసేపైనా కూర్చుని చదువుకోవచ్చు, రుసుము లేదు. పోయిన ఆదివారం ఆ పెద్దావిడ, మనవరాలు వచ్చి రెండు గంటలు కూర్చున్నారు. పాత ప్రతి అమ్మమ్మ చేతిలో, కొత్తది పిల్ల చేతిలో. ఒక పేజీ ఈవిడ, ఒక పేజీ ఆ పిల్ల. వంతెన దగ్గర వాదన వచ్చింది. పాప పడిపోయే కథే బాగుందని మనవరాలు పట్టుబట్టింది.

మీ ఇళ్లలో అలాంటి పాత ప్రతులుంటే తూకానికి వేసే ముందు ఒక్కసారి నాకు చూపించండి. లోపల ఎవరి పేరైనా రాసి ఉంటే ఆ పేజీ చించకండి.